ఊస లేని తుపాకి

నా భార్య చెంగమ్మ పోయిన రోజు కొండ మీదికి తుపాకి చప్పుడు వెళ్ళలేదు. ఆ తప్పు ప్రభుత్వానిది. ఇందులో చర్చకు తావు లేదు. చర్చించాలనుకునేవాళ్ళు మా గడప తొక్కవద్దు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా ఊరు కొండ అడుగున ఉంది. పైన పల్లెలు విసిరేసినట్టు ఉంటాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి లోయ దిగి ఎక్కాలి. అక్కడ సెల్లు పలకదు. పలికించడానికని ఒక స్తంభం నాటారు. దాని మీద గద్దలు కూర్చుంటాయి. అందుకని మా వైపు మనిషి పోతే, గుండు లేకుండా ఒట్టి మందు దట్టించి, కొండవైపు తుపాకి పేలుస్తారు. ఒక దెబ్బ పేలితే మగమనిషి. రెండు పేలితే ఆడమనిషి. విన్నవాళ్ళు చేతిలో పని అక్కడే వదిలేసి కొత్త బట్ట, పూలు పట్టుకుని దిగుతారు. వాళ్ళు దిగేదాకా శవాన్ని ఎత్తరు. ఎవరింటి చావుకు వాళ్ళింటి తుపాకే పేలాలి. అరువు తుపాకి పేల్చడమంటే శవాన్ని అరువు చీరలో పంపినట్టు.

మా ఇంటి తుపాకి చెంగమ్మది. నేను ఇల్లరికం వచ్చినవాణ్ణి. మామకు కొడుకులు లేరు. చేను, ఇల్లు, తుపాకి కూతురికే ఇచ్చి పోయాడు. వేరుశనగ ఊడలు దిగే రోజుల్లో మంచె మీద కూర్చుని అడవి పందుల్ని కొట్టేది ఆమే. నేను కింద టార్చి పట్టేవాణ్ణి. పంది పడితే తుపాకి పిడి మీద కొడవలితో ఒక గాటు పెట్టేది. పెట్టి నా వైపు ఒకసారి చూసేది. ఆ గాట్లలో ఒకటి మిగతావాటికంటే పొడుగు. అది పంది కాదు. మా పక్క చేను పోలమ్మ బర్రె. చీకట్లో పొరపాటు జరిగింది. పోలమ్మ అప్పటి నుంచి మా ఇంటి వైపు తల తిప్పలేదు. చెంగమ్మ డబ్బు ఇచ్చింది, గాటు మాత్రం చెరపలేదు. పడిన ప్రాణం పడినట్టే అంది.

కిందటేడు ఆమెకు కడుపులో గడ్డ లేచింది. పెద్దాసుపత్రిలో చూసి, ఇంటికి తీసుకుపోయి ఇష్టమైనవి పెట్టమన్నారు. ఇంటికి వచ్చిన రోజే ఆమె మంచం మీద నుంచి నాకు పని చెప్పింది.

"నేను పోతే మా నాయన తుపాకితో రెండు దెబ్బలు. మందు గట్టిగా దట్టించల్ల. నువ్వు దట్టిస్తే తుస్సుమంటాది. గుర్రప్పను పిలిపించుకో."

గుర్రప్ప ఆమె చిన్నాన్న కొడుకు. ఎగువపల్లెలో ఉంటాడు. నేను సరే అన్నాను. అది తప్ప ఆమె నన్ను జీవితంలో ఏదీ అడగలేదు.

ఆ నెలలోనే పథకం వచ్చింది.

పథకం పేరు 'ఇంటి ఆయుధం, జాతి వైభవం'. ఎక్కడో ఒక పెద్దమనిషి అటక మీద పాత తుపాకి దొరికిందట. దాన్ని విదేశాల వాళ్ళు కళ్ళకద్దుకుని కొన్నారట. అందుకని రాష్ట్రంలో ప్రతి పాత తుపాకిని గుర్తించి, విలువ కట్టాలని ఉత్తర్వు ఇచ్చారు. గుర్తింపుకు తేని తుపాకిని అక్రమాయుధంగా, తెచ్చిన తుపాకిని వారసత్వ సంపదగా పరిగణిస్తామన్నారు. అంటే తుపాకి అదే, మనిషి అతనే, గడప దాటించడంలోనే తేడా.

మా మండలానికి వజ్రవేలు అనే ప్రత్యేకాధికారి వచ్చాడు. మెడలో కండువా, జీపుకు మైకు. మా ఇంటికి స్వయంగా వచ్చాడు.

"అమ్మా, ఇది జప్తు కాదు," అన్నాడు చెంగమ్మతో. "ఇది గౌరవపూర్వక స్వాధీనం."

"తిరిగి ఎప్పుడిస్తారు సామీ?"

"విలువ నిర్ధారణ ప్రక్రియ పరిసమాప్తమైన తక్షణం."

"నేను పొయ్యేలోగా కావల్ల. నాకు రెండు దెబ్బలు పేల్చాల."

వజ్రవేలు ఆమెను, మంచాన్ని, పక్కనున్న మందు సీసాలను చూశాడు. "మీ విషయంలో కాలపరిమితిని మానవీయ కోణంలో పరిశీలిస్తాం," అన్నాడు. తుపాకిని తెల్లగుడ్డలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పోయాడు.

జీపు మలుపు తిరిగాక ఆమె మంచం కిందికి చెయ్యి పెట్టి ఇనుప ఊస తీసింది. మందు దట్టించే ఊస. అది లేకపోతే ఆ తుపాకి గొట్టం తొడిగిన కట్టె.

"ఇది నాకాడ్నే ఉంటాది," అంది. "తిరిగియ్యకుండా యాడికి పోతారు?"

ప్రభుత్వానికి పేలే తుపాకి కావాలని ఆమె అనుకుంది. ఆమె జీవితంలో చేసిన రెండో పొరపాటు అది. మొదటిది బర్రె.

గుర్తింపు మండలాఫీసు వసారాలో జరిగింది. బెంచీల మీద తుపాకులు పడుకోబెట్టారు. గుర్తించడానికి నగరం నుంచి ఆచార్య శేషశయనం గారు వచ్చారు. తుపాకుల మీద ఆయనంతటివాడు లేడన్నారు. తుపాకి పేలగా ఆయన ఎన్నడూ వినలేదు. ఆయన చెవులు సుకుమారం. ఎవరైనా పేల్చడం గురించి మాట్లాడితేనే జేబులోంచి దూది తీసేవాడు.

విలువ కట్టే పద్ధతి ఆయనే వివరించాడు. ఎవరు చేశారో తెలిసిన తుపాకి సామాన్యం. తెలియనిది అరుదు. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో, ఎందుకు చేశారో ఏదీ తెలియనిది అత్యంత అరుదు. పద్ధతి జనానికి తొందరగానే అర్థమైంది. వారం తిరిగేసరికి మా మండలంలో తాతల పేర్లు గుర్తున్నవాళ్ళు కరువయ్యారు. ఒకాయన తన తండ్రి పేరు కూడా కాస్త అనుమానంగా చెప్పాడు. ఆయన తుపాకికి మంచి విలువ పలికింది.

గుర్రప్ప లాంటి తెలివితక్కువవాళ్ళు నిజం చెప్పారు. వాళ్ళ తుపాకులు సామాన్యమని తేల్చి, సాయంత్రానికే తిరిగిచ్చేశారు. ఇచ్చేముందు ప్రజా భద్రత దృష్ట్యా గొట్టాల్లో సీసం కరిగించి పోశారు. గుర్రప్ప ఇంట్లో అది ఇప్పుడు తలుపుకు అడ్డకర్ర.

సీసం పోసినా సరే, తుపాకి ఆమె కళ్ళముందు ఉంటే చాలు, గొట్టం సంగతి తర్వాత చూసుకుందాం అనుకున్నాను. మా తుపాకి కూడా సామాన్యమని తేలాలి. గుర్రప్పను సాక్షిగా నిలబెట్టాను.

"మా తాత చేసినాడు సామీ," అన్నాడు గుర్రప్ప. "గొట్టం పాత నీళ్ళ గొట్టం. పిడి చింతకట్టె. మా అక్క దీంతో పందులు కొట్టేది."

శేషశయనం గారు భూతద్దం దించి వజ్రవేలు వైపు తిరిగాడు. "గమనించారా? విలువ తగ్గించాలని పట్టుబడుతున్నారు. విలువ లేని వస్తువు కోసం కొండ దిగి వచ్చే మనిషి ఉంటాడా?"

"ఉండడు," అన్నాడు వజ్రవేలు.

"మరి ఈ గాట్లేమిటి?"

"పందులు సామీ. చెప్తి గదా."

శేషశయనం గారు లేచి నిలబడ్డాడు. పిడి మీద వరాహ లాంఛనం ఉందని ఈ అమాయకుడు తనకు తెలియకుండానే బయటపెట్టాడన్నాడు. వరాహాన్ని పతాకం మీద నిలుపుకున్న రాజులు ఎవరో తెలుసా అని మమ్మల్ని అడిగాడు. మాకు తెలియదని తెలిసి సంతోషించాడు. గాట్లు ఒక అజ్ఞాత లిపి అని, అందులో ఒక రాజు జైత్రయాత్రల వరుస ఉందని తేల్చాడు. పొడుగు గాటు దగ్గర చాలాసేపు ఆగాడు. అది మహా విజయమన్నాడు. శత్రుపక్షంలో అతి స్థూలకాయుడైన సేనాపతి ఎవరో పడి ఉంటాడన్నాడు.

ఇంటికి వచ్చి చెబితే చెంగమ్మ నవ్వింది. నవ్వితే ఆమెకు కడుపు నొప్పి. అయినా నవ్వింది. "పోలమ్మకు ఎవురన్నా చెప్పండ్రా," అంది. "వాళ్ళ బర్రె సేనాపతి అయ్యిందని."

తుపాకి అమూల్యమని రాశారు. మా ఊళ్ళోనే దొరికింది కనుక మా ఊళ్ళోనే ప్రదర్శించాలన్నారు. పశువుల ఆసుపత్రి ఖాళీ చేయించి, గోడలకు రంగు వేసి, నడిమధ్య గాజుపెట్టె పెట్టారు. పశువుల డాక్టరు వేపచెట్టు కింద కుర్చీ వేసుకున్నాడు. మా ఇంటి వసారాలో నుంచి చూస్తే ఆ గాజుపెట్టె మీది దీపం కనబడుతుంది. చెంగమ్మ మంచం అటువైపు తిప్పించుకుంది.

నేను రోజూ వెళ్ళి వజ్రవేలును అడిగాను. అమూల్యమైన వస్తువును ఇంట్లో ఉంచుకునే హక్కు యజమానికి ఉందన్నాడు. ఆ ఇంటికి సాయుధుడైన కాపలాదారు ఉండాలన్నాడు. ఆ కాపలాదారు నేనే అవుతానన్నాను. సాయుధుడు కావాలంటే మీ దగ్గర తుపాకి ఉండాలి కదా అన్నాడు. ఉంది, మీ గాజుపెట్టెలో ఉంది అన్నాను. అది వారసత్వ సంపద, ఆయుధం కాదు అన్నాడు. ఆయుధం కాకపోతే కాపలా ఎందుకన్నాను. అమూల్యం కనుక అన్నాడు. అర్జీ పెట్టమన్నాడు. పెట్టాను. ఇంకొకటి పెట్టమన్నాడు. అదీ పెట్టాను. ఆయన విసుక్కోలేదు. నాకు అది గుర్తుంది. కనీసం విసుక్కున్నా మనిషే అనుకునేవాణ్ణి.

ఆ ప్రదర్శన మందిరం ప్రారంభానికి ముందు రోజు ఒక చిక్కు వచ్చింది. అమూల్యమైన తుపాకుల్లో మళ్ళీ శ్రేణులున్నాయి. ప్రథమ శ్రేణి తుపాకికి పోలీసులు మూడు గుండ్లు గాలిలో పేల్చి వందనం చేయాలి. ద్వితీయ శ్రేణికి రెండు. మా తుపాకికి ఊస లేదు. అంగవైకల్యం ఉన్న ఆయుధం ప్రథమ శ్రేణికి అర్హం కాదు. రెండు గుండ్లే అన్నారు.

నేను ఆఫీసుకు పరుగెత్తాను. మా ఊళ్ళో రెండు దెబ్బలు పేలితే అర్థమేమిటో చెప్పాను. కొండ మీద జనం ఏమనుకుంటారో చెప్పాను. మా ఇంట్లో మంచం మీద ఎవరున్నారో చెప్పాను.

వజ్రవేలు శ్రద్ధగా విన్నాడు. "పెద్దాయనా," అన్నాడు, "ప్రభుత్వ తుపాకి పేలుడుకు స్థానిక అర్థాలు వర్తించవు."

పొద్దున పెద్దలు వచ్చారు. రిబ్బను కత్తిరించారు. శేషశయనం గారు చెవుల్లో దూది కుక్కుకుని, ఆపైన చేతులతో మూసుకున్నాడు. పోలీసులు కొండవైపు తిరిగి, గాజుపెట్టెలో ఉన్న చెంగమ్మ తుపాకికి రెండు గుండ్లు పేల్చారు.

చెంగమ్మ అప్పుడు దిండుకు ఆనుకుని రాగి అంబలి తాగుతోంది. చప్పుడు విని గ్లాసు దించింది.

"ఎవురు పోయింది?" అంది.

ఎవరూ పోలేదన్నాను. తుపాకికి మర్యాద చేస్తున్నారన్నాను.

"అయితే దిగుతారు," అంది. "దుప్పటి మార్చు. వసారా ఊడ్చు."

మధ్యాహ్నానికి దిగారు. ముందు గుర్రప్ప, వెనక పల్లెలన్నీ. చేతుల్లో పూలదండలు, పసుపు, కొత్త చీర. తుపాకి తిరిగిచ్చేశారేమో, చప్పుడు తేడాగానే ఉన్నా గొట్టంలో చెమ్మ చేరిందేమో అనుకున్నారట. జబ్బుమనిషి ఇంటి వైపు నుంచి రెండు దెబ్బలు పేలాయి, ఇంకేం కావాలి. ఆడవాళ్ళు వీధి మొదట్లోనే శోకం ఎత్తుకున్నారు. అందరికంటే పెద్ద గొంతు పోలమ్మది. మా పక్క చేను పోలమ్మే. మా ఊళ్ళోనే ఉండి కూడా, కొండవాళ్ళు రావడం చూసి నిజమనుకుని, ముందుకు దూరి ఏడుస్తూ వచ్చింది. 'మంచె మీద మగరాయుడా, పందుల పాలిటి యముడా, నా బర్రెను నువ్వు కొట్టినా నీ చెయ్యి సల్లంగుండా' అని రాగం తీస్తూ వసారా ఎక్కింది. మంచం మీద చెంగమ్మ కూర్చుని చూస్తోంది.

పోలమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. వెనక శోకం ఒక్కొక్కటే ఆగింది.

"ఏడు పోలీ," అంది చెంగమ్మ. "మధ్యలో ఆపొద్దు. మిగతాది కూడా విననీ."

పోలమ్మ మంచం పక్కన కూలబడింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ ఇద్దరూ మాట్లాడిన మొదటి మాట ఏమిటో నాకు వినబడలేదు. ఆడవాళ్ళు చుట్టూ కమ్ముకున్నారు. కాసేపటికి నవ్వులు వినిపించాయి. గుర్రప్ప మాత్రం నా మీద కోపంగా ఉన్నాడు, నేనేదో ఎగతాళి చేసినట్టు. చెంగమ్మ వాణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. దిగినవాళ్ళందరికీ సంగటి కెలికించింది. చీర చేతిలోకి తీసుకుని అంచు చూసింది.

"శవానికి తెచ్చినారు గదా, తిరిగి తీసకపోతే బాగుండదు," అంది. ఆ చీర దాచిపెట్టమని నాకిచ్చింది.

సాయంత్రం అందరూ కొండ ఎక్కారు. దీపం పెట్టే వేళకు ఆమె, అందరినీ చూసుకున్నానంది. ఇంక తనకు ఎవరూ బాకీ లేరంది. కానీ తుపాకి సంగతి మర్చిపోలేదు. "ఈసారి నాదాంతో పేల్చు," అంది. "ఇయ్యాల పేలింది నాది కాదు."

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. మా వీధిలో కొండ జనం, చేతుల్లో దండలు, కళ్ళలో నీళ్ళు. కింద ఇలా రాశారు: వారసత్వ ఆయుధ దర్శనానికి పూలతో, నూతన వస్త్రాలతో తరలివచ్చిన గిరిజనం. భావోద్వేగానికి లోనైన మహిళలు. వజ్రవేలుకు అభినందన పత్రం వచ్చిందని విన్నాను. పోలమ్మ ఫోటో మందిరంలో తుపాకి పక్కన పటం కట్టి పెట్టారు.

నెల తిరక్కుండా చెంగమ్మ పోయింది. తెల్లవారుజామున పోయింది. ముందు రోజు ఊస చేతికిమ్మంది. రెండు చేతులతో పట్టుకుని, "ఇంక పేల్చేదానికి లేదులే," అంది. "ఇదన్నా నా పక్కన పెట్టు." నేను అలాగే అన్నాను.

పొద్దున మందిరానికి వెళ్ళాను. కాపలా పోలీసు తాళం తన దగ్గర లేదన్నాడు. మండలంలో ఉందన్నాడు. మండలానికి వెళ్ళాను. వజ్రవేలు జిల్లాకు వెళ్ళాడన్నారు. ఆయన కింద ఉన్నాయన జాలిపడ్డాడు. వందనానికి వచ్చిన పోలీసులతో రెండు గుండ్లు పేల్పించవచ్చేమో కనుక్కున్నాడు. నియమం ప్రకారం వందనం ఆయుధానికే గాని ఆయుధ యజమానికి లేదని ఫోన్లో చెప్పారు. తుపాకి పోతే పేలుస్తారు. మనిషి పోతే పేల్చరు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. కొండవైపు నిశ్శబ్దంగా ఉంది. అడ్డకర్రలైన తుపాకులే గాని, పేలే తుపాకి మండలంలో ఎవరింట్లోనూ లేదు. కొండకు మనిషిని పంపాను. అతను మొదటి పల్లె చేరేసరికి చీకటి పడింది. వేసవి. శవాన్ని ఉంచలేకపోయాం. కొండవాళ్ళు తెచ్చిన చీర కట్టాం. పోలమ్మ కట్టింది. వేరుశనగ చేను గట్టు మీద, మంచె ఉండే చోట మట్టి చేశాం. పాడె మోసేందుకు పట్టుమని నలుగురు మనుషుల్లేరు. పశువుల డాక్టరు ఒక భుజం పట్టాడు.

కబురు ఎగువపల్లెకు చేరి, మూడోనాడు గుర్రప్ప దిగాడు. మట్టి చూశాడు.

"పేలినప్పుడు మా అక్క బతికుండె," అన్నాడు. "పోయినప్పుడు పేలకపాయె. ఇంక మేం దేన్ని నమ్మేది బావా?"

ఇప్పుడు కింద ఏ చప్పుడైనా పైవాళ్ళు తలెత్తి చూడరు. ఆ తర్వాత మా ఊళ్ళో ఇద్దరు పోయారు. ఇద్దరినీ ఊళ్ళో ఉన్న కొద్దిమందే సాగనంపారు.

కర్మ అయిన మర్నాడు వజ్రవేలు వచ్చాడు. వెంట శేషశయనం గారు. పూలగుత్తి తెచ్చారు. ఒక జాతీయ సంపద మాతృమూర్తిని కోల్పోయామని వజ్రవేలు అన్నాడు. ఆమె ఏ సంపదకు మాతృమూర్తో నాకు తెలియదు. మాకు పిల్లలు లేరు. తర్వాత గొంతు తగ్గించాడు. రాజధానిలో మా తుపాకి మీద ఆసక్తి పెరిగిందట. ఊస ఒక్కటి దొరికితే ప్రథమ శ్రేణి ఖాయమట. ఊస ఇంట్లోనే ఎక్కడో ఉండి ఉంటుందని కింద ఉద్యోగులు చెప్పారట.

"మూడు గుండ్ల వందనం," అన్నాడు వజ్రవేలు. "మీ ఆవిడ స్మృతికి అంతకంటే ఘనమైన నివాళి ఏముంటుంది?"

"పేల్చేటప్పుడు దయచేసి నాకు ముందుగా చెప్పండి," అన్నాడు శేషశయనం గారు, జేబు తడుముకుంటూ.

ఊస ఎక్కడుందో నాకు తెలియదన్నాను. వాళ్ళు నమ్మలేదు. మనుషుల్ని పెట్టి ఇల్లంతా వెతికించారు. అటక వెతికారు. ధాన్యం గాదె వెతికారు. ఆమె మంచం తిరగేసి చూశారు. గట్టు మీదికి మాత్రం వెళ్ళలేదు. అక్కడ ప్రదర్శించదగ్గది ఏదీ లేదు.

ఇది రాస్తే వాళ్ళు చదువుతారన్న భయం నాకు లేదు. నేను రాసిన అర్జీలే చదవలేదు. ఇప్పటికీ నెలకొకసారి ఎవరో ఒకరు జీపు దిగి, వసారాలో నిలబడి, తుపాకి గురించి రెండు మాటలు చెప్పమంటారు. ఒకసారి మైకు కూడా తెచ్చారు. చెప్పాల్సింది ఇక్కడ చెప్పాను. ఆ మంచం మళ్ళీ ఇటువైపు తిప్పుకున్నాను, ఆ దీపం కనబడకుండా. తుపాకి గురించి గాని, ఊస గురించి గాని ఇక నా నోట మాట రాదు. అడగవద్దు.